నీలీ కుసుంభ మంజిష్ఠా రాగములు: జీవవర్ణద్రవ్యముల దృష్టితో ఒక పరిశీలనము

రాగశబ్దమునకు రంగు, రంగునిచ్చు ద్రవ్యము, అనురక్తి అను అర్థములు కలవు. అష్టాధ్యాయి చతుర్థాధ్యాయ ద్వితీయపాదము మొదటి సూత్రమున పాణిని ఈ శబ్దమును రంగునిచ్చు ద్రవ్యమను అర్థముననే గ్రహించి, దానిచే రంజింపబడిన వస్త్రాదులను చెప్పుటకు ప్రత్యయమును విధించెను. మాంజిష్ఠము, కౌసుంభము అనునవి ప్రసిద్ధోదాహరణములు. రెండవ సూత్రమున లాక్షకును రోచనకును వేఱొక ప్రత్యయము చెప్పబడినది. మంజిష్ఠ వేరు, కుసుంభము పూవు, లాక్ష కీటకజన్యము. ఇవన్నియు ప్రాణులు తమ దేహములందు సిద్ధపఱచుకొనిన వర్ణద్రవ్యములే.

ఆలంకారికులు ఈ ద్రవ్యములతోనే ప్రేమను విభజించిరి. విశ్వనాథుడు సాహిత్యదర్పణ తృతీయపరిచ్ఛేదమున పూర్వరాగమును నీలీ, కుసుంభ, మంజిష్ఠా భేదములచే మూడు విధములుగా చెప్పెను. మిక్కిలి శోభింపకున్నను తొలగనిది నీలీరాగము. శోభించియు తొలగునది కుసుంభరాగము. తొలగక మిక్కిలి శోభించునది మంజిష్ఠారాగము. అదే 14వ శతాబ్దమున రాచకొండ నేలిన రేచర్ల సింగభూపాలుడు రసార్ణవసుధాకరమున ఈ మూటినే కుసుంభ, నీలీ, మంజిష్ఠా క్రమమున నిరూపించెను.

ఈ విభాగమును కేవల కవిసమయముగా బోధించుట వాడుక. అట్లు బోధించినచో ఒక చిక్కు విడిపోదు. విశ్వనాథుడు నీలీరాగమునకు సీతారాముల ప్రేమను ఉదాహరించెను. తొలగకుండుట, మిక్కిలి శోభించుట అను రెండు గుణములును మంజిష్ఠకే ఉండగా, లోకాదర్శమైన దాంపత్యమును నీలి క్రింద చేర్చుటకు హేతువేమి? దీనికి సమాధానము ఆ ద్రవ్యముల స్వభావమును తెలిసికొనినచో సుగమమగును.

జీవిదేహమున వర్ణము చేయు పని వేఱు, వస్త్రమున చేయు పని వేఱు. ఆకులోని పత్రహరితము సూర్యకాంతిని గ్రహించి ఆహారనిర్మాణమునకు తోడ్పడును. పూలలోని వర్ణములు కీటకములను ఆకర్షించును. అయినను లోకమున ఇంత పచ్చదనమున్నను పత్రహరితముతో నూలుబట్టకు నిలుకడయైన పచ్చరంగు వేయుట సాధ్యము కాదు. అది నూలుపోగును గట్టిగా పట్టుకొనదు, వెలుతురున క్షీణించును. కావుననే అద్దకపువారు నీలిమీద పసుపువన్నెను చేర్చి పచ్చనిదానిని సాధించిరి. వర్ణముండుట ఒకటి, రంజకత్వ మొకటి.

కుసుంభపుష్పము మొదట పసుపువన్నెతో విచ్చి క్రమముగా ఎఱ్ఱబడును. అందు పసుపుద్రవ్యములు అధికము; కార్తమిన్ అను ఎఱ్ఱని ద్రవ్యము స్వల్పము. పూరేకులను చన్నీట పలుమాఱులు కడిగి పసుపును పోగొట్టి, క్షారజలమున నానబెట్టిన ఎఱుపు దిగును. పిదప పులుసు చేర్చిన ఆ ఎఱుపు, వేఱు సహాయమక్కఱలేకయే నూలును పట్టును. క్షణములో అంటునని సింగభూపాలుడు చెప్పినది దీనికి సరిపోవుచున్నది. కాని పూవునుండి రంగును దింపిన క్షారమే చాకిరేవున చౌడు రూపమున వచ్చి వస్త్రమునుండియు దానిని దింపును. ఎండకును అది నిలువదు. సులభముగా వచ్చినది సులభముగా పోవుటకు కారణమిది.

నీలిమొక్క విషయము విచిత్రము. దాని ఆకులో నీలవర్ణమే లేదు. ఉన్నది ఇండికాన్ అను వర్ణరహితద్రవ్యము. ఆకులను నీట నానవేసిన అది విడివడి ఇండాక్సిల్ ఏర్పడును. దానికి గాలిలోని ప్రాణవాయువు సోకిన నీలమగును. ఈ నీలము నీట కరుగదు. బానలో పులియబెట్టి దానిని కరుగు రూపమునకు మార్చి వస్త్రమును ముంచుదురు. వెలికి తీసినపుడు పసుపుపచ్చగా నున్న వస్త్రము గాలికి క్రమముగా నీలమగును. పోగులోపల చేరిన పిదప వర్ణము మరల కరుగని రూపమును పొందుటచే ఉతుకునకు పోదు. ఒక్క మునుకకు వన్నె పలుచన. మునుకలు పెరిగినకొలది గాఢము. పంచతంత్రమున నీలిబానలో పడిన చండరవుడను నక్క కథకును ఈ పట్టే ఆధారము.

మంజిష్ఠవేరున పర్‌ప్యురిన్, మంజిష్ఠ పేరుననే వ్యవహరింపబడు మంజిస్టిన్ మొదలగు ద్రవ్యములు కలవు. ఇవి నూలును స్వయముగా గట్టిగా పట్టవు. ముందు వస్త్రమునకు పటిక పట్టించినచో, అందలి అల్యూమినియముతో కూడి పోగున స్థిరమగు ఉజ్జ్వలమైన ఎఱుపునిచ్చును. ఇట్టి మధ్యవర్తిని వర్ణస్థాపకమందురు. మచిలీపట్టణపు కలంకారీలో పూర్వము వాడిన చిరువేరు మంజిష్ఠకుటుంబమునకే చెందినది. అందలి ముఖ్యద్రవ్యము అలిజరిన్. కరక్కాయనీట తడిపిన బట్టపై పటిక అచ్చు వేసి చిరువేరుతో ఉడికించినపుడు, పటికయున్నచోటనే ఎఱుపు నిలుచును. ఒకే కాగు, ఒకే వస్త్రము. నిలుకడకు కారణము సంబంధమే.

వేరునందు గూఢముగా నున్నది నిలుచును, పూవునందు బయల్పడినది పోవునని ఇందుండి సామాన్యసూత్రము చేయరాదు. పసుపు భూమిలోనిదే, అయినను అందలి కర్క్యుమిన్ ఎండకు వెలిసిపోవును, సున్నము సోకిన ఎఱ్ఱబడును. నిలుకడలేని ప్రేమ కలవానిని హరిద్రారాగుడనుట అందులకే. ద్రవ్యము పుట్టినచోటు కాక, పోగుతో దానికి కుదిరిన బంధమే ప్రమాణము.

ఇపుడు మొదటి ప్రశ్నకు రావలెను. విశ్వనాథుని లక్షణమున శోభ యొకటి, తొలగకుండుట యొకటి, రెండును స్వతంత్రగుణములు. నేటి అద్దకపరీక్షలలోను వన్నెను, నిలుకడను వేఱువేఱుగానే చూతురు. నీలియందు అతడు నిషేధించినది శోభను కాదు, అతిశోభను మాత్రమే. అతిశబ్దమును విడిచి అర్థము చెప్పినచో నీలీరాగము కాంతిలేని ప్రేమయగును. సీతారాముల ఉదాహరణ అసంగతమగును. సింగభూపాలుని లక్షణమున ఈ అతిశబ్దము లేదు. నీలి ప్రకాశింపదనియే కలదు. కావున ఆ లక్షణముతో విశ్వనాథుని ఉదాహరణమును కలిపి బోధించుట యుక్తము కాదు.

నీలి బయటి మెఱుపుచే కాక లోపల కుదురుకొనుటచే నిలుచును. మధ్యవర్తి నపేక్షింపదు, మునిగినకొలది గాఢమగును. వియోగమునందును చెడని ప్రేమకు ఇంతకంటె తగిన ఉపమానము దుర్లభము. 1868లో అలిజరిన్‌ను కృత్రిమముగా తయారుచేసిరి; 1897 నుండి కృత్రిమనీలి విపణికి వచ్చెను. తరువాత సహజపు అద్దకములు చాలవఱకు మూలబడెను. నేటి విద్యార్థికి నీలిబానయు మంజిష్ఠవేరును చూచిన వస్తువులు కావు. కావున ఈ లక్షణములను పాఠము చెప్పునపుడు వస్తుస్వభావమును ముందు చెప్పి, పిదప రసవిషయమునకు వచ్చుట ఉచితము. ఉపమానము తెలియనిచో ఉపమేయము మాటగానే మిగులును.