హార్మోనియంపై జానపద బాణీలు: ఎంపిక ఎట్లు?

సుక్మా జిల్లా కిష్టారం మొదలు గోదావరీతీరం వరకు కోయలు రేల పాటలు పాడుకొంటారు. ఒకరు అందుకోగా తక్కినవారు వంతపాడుతారు. ఈ బాణీలను హార్మోనియంపై నేర్వదలచిన విద్యార్థి ముందుగా వాద్యపరిమితిని గ్రహించవలెను. ఐరోపానుండి వచ్చిన ఈ పెట్టెలో ప్రతి మెట్టుకు స్వరం స్థిరం. స్వరాల నడుమ జారు పలుకదు. ఇట్టి లోపాలనెంచి ఆకాశవాణి 1940లో దీనిని నిషేధించి, 1971లో కొంత సడలించింది.

కనుక తొలుత నాలుగైదు స్వరాలలో ఇమిడి, పల్లవి మరల మరల వచ్చే పాటను ఎన్నుకొనుట మేలు. జారులు మెండైన పాటను గొంతుకే విడువవలెను. ఎన్నుకొన్న పాటను పెద్దల నోట విని, తాను పాడి, ఆ పిదపనే మెట్లను తాకవలెను. గాయకుల గొంతుకు తగిన మెట్టును శ్రుతిగా ఎంచుకొనవలెనేగాని, మెట్టుకై బాణీని మార్చరాదు. మార్చినచో పాడిన ఊరే తన పాటను గుర్తింపజాలదు.