కీటకాల మెదడులో ఘ్రాణ వ్యవస్థ: నిర్మాణం – విధులు

నేపథ్యం

గాలిలోని బాష్పశీల రసాయన అణువులను గ్రహించి, నాడీ సంకేతాలుగా మార్చి, ప్రవర్తనను నిర్దేశించే వ్యవస్థను ఘ్రాణ వ్యవస్థ అంటారు. ఫ్రెంచ్ జీవశాస్త్రవేత్త ఫెలిక్స్ దుజార్దాన్ 1850లో కీటకాల మెదడులోని పుట్టగొడుగు దేహాలను వర్ణించి, వాటికి తెలివితో సంబంధం ఉందని ప్రతిపాదించారు. 1896లో ఎఫ్.సి. కెన్యన్ తేనెటీగ మెదడును వివరించారు. పుట్టగొడుగు దేహాల్లోని కణాలను నేటికీ కెన్యన్ కణాలు అనే పిలుస్తున్నారు. డ్రోసోఫిలా ఈగలో ఘ్రాణ గ్రాహక జన్యువులను 1999లో గుర్తించారు. ఈ రంగంలో భారతీయుల కృషి ముఖ్యమైనది: ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ 1970ల్లోనే ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్)లో వాసన, రుచి గ్రహణంలో లోపమున్న డ్రోసోఫిలా ఉత్పరివర్తకాలపై పరిశోధించారు.

గ్రాహక భాగాలు

వాసనను స్పర్శశృంగాలు, జంభికా స్పర్శాంగాలు గ్రహిస్తాయి. వీటిపై సూక్ష్మరంధ్రాలున్న రోమాలు ఉంటాయి. అణువు రంధ్రం గుండా లోపలి ద్రవంలోకి చేరి నాడీకణంపై ఉన్న గ్రాహకాన్ని తాకుతుంది. క్షీరదాల ఘ్రాణ గ్రాహకాలు జి-ప్రోటీన్‌తో పనిచేస్తాయి; కీటకాల ప్రధాన గ్రాహకాలు ఓర్కో అనే సహగ్రాహకంతో కలిసి అయాన్ మార్గాలుగా పనిచేస్తాయి. ఈ భేదాన్ని అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి.

స్పర్శశృంగ లంబిక

కీటక మెదడులో ప్రోటోసెరిబ్రం, డ్యూటోసెరిబ్రం, ట్రైటోసెరిబ్రం అనే మూడు భాగాలున్నాయి. తొలి ఘ్రాణ కేంద్రమైన స్పర్శశృంగ లంబిక డ్యూటోసెరిబ్రంలో ఉంటుంది. ఇందులోని గుండ్రని నాడీ గుచ్ఛాలే గ్లోమెరులస్‌లు. ఇవి డ్రోసోఫిలాలో సుమారు 50, తేనెటీగలో సుమారు 160.

డ్రోసోఫిలాలో ఒకే రకం గ్రాహకమున్న నాడీకణాలు, స్పర్శశృంగంలో ఎక్కడున్నా, సాధారణంగా ఒకే గ్లోమెరులస్‌కు చేరతాయి. కాబట్టి ఏయే గుచ్ఛాలు ఉత్తేజితమయ్యాయన్న నమూనాయే ఆ వాసనకు గుర్తు. కొన్ని వాసనలకు మాత్రం ప్రత్యేక మార్గం ఉంది. తొలకరి మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్‌ను డ్రోసోఫిలా ఒకే గ్రాహకంతో పసిగడుతుంది. ఆ సంకేతం డీఏ2 అనే ఒక్క గ్లోమెరులస్‌కు వెళ్తుంది. ఈ వాసన హానికర సూక్ష్మజీవులకు సూచన కాబట్టి, అవి పెరిగిన ఆహారం నుంచి ఈగ వెంటనే దూరమవుతుంది. మనకు ఆహ్లాదమైన పరిమళం ఈగకు ప్రమాద హెచ్చరిక కావడం ఈ అధ్యాయంలో అత్యంత ఆసక్తికర అంశం.

లంబికలోని స్థానిక నాడీకణాలు ఎక్కువగా గాబా రసాయనంతో సంకేతాల తీవ్రతను అదుపు చేస్తాయి.

ఉన్నత కేంద్రాలు

లంబిక నుంచి ప్రక్షేపక నాడీకణాలు ప్రోటోసెరిబ్రంలోని రెండు కేంద్రాలకు వెళ్తాయి.

పార్శ్వ శృంగం: ప్రధానంగా సహజాత ప్రవర్తనకు ఆధారం.

పుట్టగొడుగు దేహం: అభ్యసనానికి, జ్ఞాపకానికి కేంద్రం. ఒక్కో వైపు కెన్యన్ కణాలు డ్రోసోఫిలాలో సుమారు 2,000, తేనెటీగలో సుమారు 1,70,000. డ్రోసోఫిలాలో సుమారు 50 మార్గాల్లో వచ్చిన సమాచారం ఇక్కడ వేల కణాలకు విస్తరిస్తుంది. అయినా ఒక వాసనకు వీటిలో కొద్ది కణాలే స్పందిస్తాయి. అందువల్లే దగ్గరి వాసనలు కూడా జ్ఞాపకంలో కలగాపులగం కావు. వాసనతో పాటు తీపి లేదా విద్యుద్ఘాతం ఎదురైతే డోపమైన్ నాడీకణాలు స్పందించిన కెన్యన్ కణాల సంధుల బలాన్ని మారుస్తాయి. అదే అభ్యసనం.

ప్రాముఖ్యం

పట్టుపురుగు ఆడ శలభం విడుదల చేసే బాంబికాల్‌ను జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం 1959లో గుర్తించింది. రసాయనికంగా గుర్తించిన తొలి ఫెరోమోన్ (ఒకే జాతి జీవుల మధ్య సంకేత రసాయనం) ఇదే. ఇందుకు సుమారు 5 లక్షల ఆడ శలభాలను వినియోగించారు. మగ శలభంలో ఫెరోమోన్ సంకేతాలకు బృహత్ గ్లోమెరులస్ సముదాయం ప్రత్యేకంగా ఉంటుంది.

పత్తి చేలల్లో గులాబీ రంగు పురుగు నిఘాకు తెలుగు రైతులు పెట్టే లింగాకర్షక బుట్టలు, ఆడ శలభం ఫెరోమోన్‌కు మగ శలభం ఆకర్షితమయ్యే సూత్రంపైనే పనిచేస్తాయి. ఎరలోని గాసిప్లూర్ ఆడ శలభం వాసనను అనుకరిస్తుంది. బుట్టలో పడేవి మగ శలభాలే.

2024 అక్టోబరులో వయోజన ఆడ డ్రోసోఫిలా మెదడు నాడీ సంధాన పటం నేచర్ పత్రికలో వెలువడింది. అందులోని నాడీకణాలు 1,39,255.