ప్రశ్నలు - జవాబులు: శివరాత్రి నడకకు ఏ మ్యాట్?

ప్రశ్న: మాది ఆళ్లగడ్డ. ఈసారి శివరాత్రికి స్నేహితులతో కలిసి ఆత్మకూరు, వెంకటాపురం మీదుగా అడవిదారిన శ్రీశైలానికి నడిచిపోవాలని అనుకుంటున్నా. అమ్మేమో బొంత ఎత్తుకుపొమ్మంటుంది. అంగట్లో చూస్తే రకరకాల మ్యాట్లు. తేలిగ్గా ఉండి, నడుము పట్టేయకుండా ఉండేది ఏది?

జవాబు: బొంత ఇంట్లోనే ఉండనీయండి. అమ్మగారికి నచ్చజెప్పే పని మీదే. మెత్తదనంలో దానికి పేరు పెట్టలేం కానీ, మంచుకు తడిసిందంటే ఆరదు, మోత రెట్టింపవుతుంది. పీవీసీ యోగా మ్యాట్ కూడా వద్దు. చూడ్డానికి పల్చగానే ఉంటుంది, 6 మిల్లీమీటర్లదైనా కిలో దాటి తూగుతుంది.

మీకు కావలసింది ఎక్స్‌ఎల్‌పీఈ రకం ఫోమ్. అందులోని గాలిగదులు దేనికది మూసుకుని ఉంటాయి, అందుకే నీళ్లు పీల్చదు, నేల చలినీ ఆపుతుంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్నది మూడు నాలుగు వందల గ్రాములకు మించదు. ఈవీఏ రకం ఫోమ్ గట్టిదే, బరువూ ఎక్కువే. ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే తెల్ల ఫోమ్ ఇంకా తేలిక, కాకపోతే ఒకటి రెండు రాత్రులకే అణిగిపోతుంది. అంగట్లో బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడాలి. తక్కెడలో పెట్టించి మరీ కొనండి, అట్టమీది అంకెను నమ్మొద్దు.

ఇంటికి తెచ్చాక కత్తెర తీసుకుని నాలుగడుగులకు కోసేయండి. ఒత్తిడంతా భుజాలకూ తుంటికే. కాళ్ల కింద ఖాళీ చేసిన సంచి చాలు. దారిలో నాగలూటి దాటి పెచ్చెరువు చేరేసరికి ఆ తగ్గిన బరువు విలువ తెలుస్తుంది, భీముని కొలను ఎక్కుడు ముందే ఉంది మరి. ఉగాదికి నడిచొచ్చే కన్నడ భక్తులకైతే అప్పటికి చలి పోయి ఉంటుంది, 6 మిల్లీమీటర్లదే సరిపోతుంది. మీరు నడిచే ఆ అడవి పులుల అభయారణ్యం. అటవీశాఖ వదిలిన రోజుల్లోనే నడవండి, చిరిగిన మ్యాటైనా వెనక్కి తెచ్చుకోండి.

ప్రశ్న: గాలి నింపే పరుపు ఇంకా మెత్తగా ఉంటుంది కదా? (నంద్యాల పాఠకురాలు)

జవాబు: ఉంటుందమ్మా, రేగుముల్లు దిగేదాకా. ఆ తర్వాత తెల్లవార్లూ కటిక నేలే. ఫోమ్‌లో ముల్లు దిగితే పీకి పారేసి పడుకోవచ్చు. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే తువ్వాలు నాలుగు మడతలు వేసి తుంటి కింద పెట్టుకోండి.