దారం ఎంత బరువు? సూరత్ పిల్లల వెంట నడిచి తెలుసుకున్నవి

సూరత్ రింగ్ రోడ్ మీది చీరల మార్కెట్లు ఆదివారం మూసి ఉంటాయి. ఆ పూట లింబాయత్ వైపు మన తెలుగు నేతకుటుంబాల పిల్లలు, ఎనిమిది నుంచి పది చదివేవాళ్లు, మా మేడమీద చేరతారు. ఏం తెలుసుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఏళ్ల తరబడి వాళ్ల పక్కన కూర్చున్నవాణ్ని గనుక నాకు తోచినవి చెబుతున్నాను.

1. ప్రశ్న పిల్లల నోటినుంచే రావాలి.
ఒకసారి ఒక పిల్లవాడు దారం అట్టపెట్టె తెచ్చాడు. "దీనిమీద 75 డెనియర్ అని ఉంది, ఏంటి తాతా?" అన్నాడు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంతవరకు చెప్పి ఊరుకున్నాను. మరి పెట్టెమీద రాసింది నిజమేనా అని వాడికే అనుమానం వచ్చింది. 90 మీటర్లు తూస్తే చాలు, ముప్పావు గ్రాము ఉండాలి. కానీ కిరాణా త్రాసుకు అంత చిన్న బరువు అందదు.

2. పనిముట్లు ఊళ్లోనే ఉంటాయి, అడగాలి.
సూరత్‌లో చీరలెన్నో వజ్రాలూ అన్నే. ఒకమ్మాయి మేనమామ వజ్రాలు సానబట్టే చోట పనిచేస్తాడు. అక్కడి త్రాసు క్యారెట్‌లో వందోవంతు దాకా చూపుతుంది. గ్రాముకు అయిదు క్యారెట్లు, కాబట్టి 3.75 రావాలి. అర మీటరు చుట్టుకొలత ఉన్న అట్టకు 180 చుట్లు చుట్టి తూస్తే 3.80 వచ్చింది. కంపెనీ ఎక్కువ ఇచ్చిందా అని పెద్ద వాదన. చివరికి అందరికన్నా చిన్నపిల్ల పట్టుకుంది: చుట్టు మీద చుట్టు పడేకొద్దీ పైచుట్టు పొడుగవుతుంది. ఒకదాని పక్కన ఒకటి పరిచి చుట్టారు. 3.76. ఆ పూట నేను చేసింది టీ పెట్టడమే. నాకు అంతకన్నా ఇష్టమైన ఆదివారం లేదు.

3. పెద్దల జ్ఞాపకాన్ని కూడా కొలవనివ్వాలి.
2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది ఊరిని ముంచినప్పుడు ఈ పిల్లలు పుట్టలేదు. మీ గడప దగ్గర నీళ్లు ఎంతెత్తు వచ్చాయని టేపు పట్టుకుని ఇల్లిల్లూ అడిగారు. పక్కపక్క ఇళ్లకే పొంతన కుదరలేదు. ఒక తాత అబద్ధమాడాడన్నారు. తర్వాత తెలిసింది, అప్పటినుంచి రోడ్డు ఎత్తు పెంచారు, కొందరు ఇంటి నేలనూ పెంచుకున్నారు. దేన్నుంచి కొలిచామన్నది ముందు రాసుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది వాళ్లకు.

4. రాసేది ఏ భాషైనా సరే.
ఈ ఊరి మునిసిపల్ ప్రాథమిక బడులు ఏడు భాషల్లో నడుస్తాయి, తెలుగు వాటిలో ఒకటి. మా నోటుపుస్తకంలో తెలుగు, గుజరాతీ, హిందీ కలిసే ఉంటాయి.

5. పోటీ మంచిదే, కానీ చివర రావాలి.
1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అంటే నాకు గౌరవం. 10 నుంచి 17 ఏళ్లవాళ్లు తమ వాడలోని సమస్యను తామే పరిశోధించి చెప్పే చోటది. బహుమతి కోసమే మొదలుపెడితే మాత్రం పిల్లలు న్యాయనిర్ణేతలకు నచ్చే ప్రశ్నలు వెతుకుతారు. వాళ్లకు నిద్రపట్టనివ్వని ప్రశ్న మూలపడుతుంది.

6. ఇంటిని తాకే ప్రశ్నకు ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి.
"సాంచాల (మరమగ్గాల) మోతకు నాన్నకు చెవులు మందగించాయా?" అని ఒకమ్మాయి అడిగింది. మన ఫ్యాక్టరీ నియమాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. ఫోనుతో కొలిస్తే సుమారు లెక్కే వస్తుందని తెలిసి, దాన్నే ఆధారం చేసుకోకుండా గడియారం టిక్కుటిక్కు ఎంత దూరంలో వినబడుతుందో ఒక్కొక్కరినీ అడిగి చూశారు. మొదట తండ్రులు చిరాకుపడ్డారు. ఉన్న పనికి ఎసరు వస్తుందని భయం, అది నాకు తెలుసు. పేర్లూ కార్ఖానాలూ రాయబోమని పిల్లలు మాటిచ్చాకే కూర్చున్నారు. ఇప్పుడు చెవిలో దూది పెడితే మోత ఎంత ఆగుతుంది, రబ్బరు బిరడా పెడితే ఎంత ఆగుతుంది అని చూస్తున్నారు. ఆ ప్రశ్న వేసింది ఆ అమ్మాయి తండ్రి.