గల్లాపెట్టెలో బిళ్ల – లక్షల బేరం

ప్రశ్న: కొత్తూరులో మాకు కిరాణా కొట్టు ఉంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్లకు లక్షలిస్తారని వీడియోలో చూసి ఫోటో పంపాను. కొంటామన్నారు. కానీ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ కట్టమంటున్నారు. రిజర్వు బ్యాంకు ముద్రతో కాగితం కూడా పంపారు. కట్టొచ్చా?

జవాబు: పైసా కూడా కట్టకండి. సరుకు అమ్మేవాడే ఎదురు డబ్బివ్వడం ఏ సంతలోనూ లేదు. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, వాటి మీద కమీషన్ గానీ ఛార్జీలు గానీ వసూలు చేయననీ, ఆ అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4నే ప్రకటించింది. మీకొచ్చిన కాగితం నకిలీదే.

ఇక ఆ బిళ్ల విలువ సంగతి. చట్టం ప్రకారం దాని మీద ఎంత ఉంటే అంతే. తయారీ ఖర్చుతో దానికి పని లేదు. రూపాయి బిళ్ల ముద్రించడానికి 1 రూపాయి 11 పైసలు అవుతోందని సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు 2018లో పత్రికల్లో వచ్చింది. అలాగని కరిగిస్తే లాభమనుకోకండి, 2011 నాణేల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు. ముఖ విలువకు మించి వచ్చేది సేకరించేవారి ఇష్టాన్ని బట్టే. అది కూడా ముద్రణలో స్పష్టమైన తప్పు పడినవాటికో, చేతులు మారని కొత్త బిళ్లకో. మీది 2012 సంవత్సరం వేసి చలామణీకి వదిలిన నాణెం. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు. ఆ టంకశాల ఉన్న చర్లపల్లిలో తయారైన బిళ్ల కొత్తూరు గల్లాలో దొరకడం వింతేమీ కాదు. ధర తెలుసుకోవాలంటే ప్రకటనల్లో అడిగే రేటు కాదు, వేలంలో నిజంగా పలికిన రేటు చూడండి.

ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. సందేశాలు, చెల్లింపు రసీదులు చెరపకుండా ఉంచి కొత్తూరు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదివ్వండి. ఇది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం.

మీరు కొట్టు నడుపుతున్నారు కాబట్టి ఇంకో మాట. పది రూపాయల బిళ్లలు రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా చెల్లుతాయి. 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. తీసుకోనివారి మీద దేశద్రోహం కేసు పెట్టిస్తామని కొందరు బెదిరిస్తుంటారు. నాణేల చట్టంలో అలాంటి సెక్షనేదీ లేదు. రూపాయి, ఆపై నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చట్టబద్ధం. అంతకు మించి ఇస్తే మీరు కాదనొచ్చు. అర్ధ రూపాయికి పరిమితి పది రూపాయలు. పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లదు. బ్యాంకు మాత్రం చిల్లర వద్దనకూడదు. వద్దంటే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. దానికి ఫీజు లేదు.