ఆటిజం ఉన్న ఉద్యోగులు: తొలగింపు నుంచి రక్షణ

ఆటిజం నాడీ వికాసానికి సంబంధించిన స్థితి. సాధారణంగా మొదటి మూడేళ్లలో బయటపడుతుంది. 1995 చట్టం గుర్తించిన 7 వైకల్యాల్లో ఇది లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాను 21కి పెంచి దీన్ని చేర్చింది. అమలు తేదీ 2017 ఏప్రిల్ 19.

కీలకం సెక్షన్ 20. ప్రభుత్వ సంస్థ ఉద్యోగంలో వివక్ష చూపరాదు, సహేతుక సర్దుబాట్లు కల్పించాలి, వైకల్యం కారణంగానే పదోన్నతి ఆపరాదు. 20(4) ప్రకారం సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. అదే వేతన స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలి. అదీ కుదరకుంటే సూపర్‌న్యూమరరీ పోస్టు. పరీక్షల్లో అభ్యర్థులు తరచూ తడబడేది ఇక్కడే: ఆటిజం పెద్దయ్యాక నిర్ధారణ అయినా చిన్ననాటి నుంచీ ఉన్నదే. కాబట్టి ఆటిజం ఉన్నవారికి సెక్షన్ 3, 20(2) మరింత బలమైన ఆధారం. శబ్దం తక్కువగా ఉండే సీటు, రాతలో ఆదేశాలు వంటి సర్దుబాటును నిరాకరించడమూ వివక్షే: 2(హెచ్).

తీర్పులు: రవీందర్ కుమార్ ధరీవాల్ కేసు (2021 డిసెంబరు 17). క్రమశిక్షణ చర్యకు దారితీసిన కారణాల్లో వైకల్యం ఒకటైనా చాలు, అది వివక్షే అని సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ ఆర్టీసీపైనా 2025 ఆగస్టు 1న తీర్పు వచ్చింది. వర్ణాంధత్వంతో డ్రైవర్ ఉద్యోగం పోయిన వ్యక్తికి ప్రత్యామ్నాయ కొలువు ఇవ్వాలని ఆదేశించింది. దీనికి ఆధారం 1979 నాటి కార్మిక ఒప్పందం.

తప్పక అడిగేవి: సెక్షన్ 34 కింద రిజర్వేషన్ 4 శాతం, ఆటిజం (డి) విభాగంలో. బెంచ్‌మార్క్ వైకల్యం 40 శాతం. ఫిర్యాదుల అధికారి నియామకం సెక్షన్ 23. తొలి ఉల్లంఘనకు జరిమానా రూ.10,000 వరకు, సెక్షన్ 89.