ఆచార్య ఋణము: రాళ్ళపల్లి వారి జీవితము నేర్పు పాఠము

శాస్త్రము ఆచార్యునకు మూడు లక్షణములను చెప్పినది. శాస్త్రార్థమును చక్కగా సమకూర్చుకొనుట మొదటిది. దానిని శిష్యుల నడవడియందు నిలుపుట రెండవది. తాను స్వయముగా ఆచరించుట మూడవది. చదివినవారు లోకమున పెక్కురు గలరు. చదివినదానిని ఇతరులకు అందింపగలవారు కొందరే. అందించినదానిని తాము నడచి చూపువారు మిక్కిలి అరుదు. అందుచేతనే మన సంప్రదాయమున భగవంతుని కంటె ముందుగా గురుపరంపరను స్మరించు ఆచారము ఏర్పడినది. నిత్యానుసంధానము సాగు ప్రతి వైష్ణవగృహమునందును తొలుత వినవచ్చునవి ఆచార్యుల తనియన్లే కదా!

భగవద్రామానుజులంతటి వారు తిరుమలనంబి చెంతకు వచ్చి, కొండ దిగువన ఒక సంవత్సరకాలము శ్రీమద్రామాయణ రహస్యార్థములను అభ్యసించిరి. తిరుక్కోట్టియూర్ నంబి వద్ద మంత్రార్థమును పొందుటకు వారు పదునెనిమిది మారులు నడచి వెళ్ళిరని పెద్దలు చెప్పుదురు. అంత ప్రయాసపడి పొందినదానిని వారు దాచుకొనలేదు. గోపురమెక్కి అందరిని పిలిచి పంచిపెట్టిరి. కష్టపడి గ్రహించుట, కరుణతో పంచుట అను ఈ రెండు గుణములు కలిసినచోట ఆచార్యత్వము పూర్ణమగును. సంఘము మారుటయు అచ్చటనే మొదలగును.

ఇట్టి మహనీయులు పూర్వకాలముననే ఉండిరని తలపరాదు. మన అనంతపురసీమయందే అట్టివారొకరు జన్మించిరి. ఈ సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పెన్న ఇసుక మేటలతో కనుపించు దినములే ఎక్కువ. వేరుసెనగ విత్తిన రైతు ఆకసము వంక చూచుచునే కాలము గడుపును. నేల ఎండినను, ఇచ్చట విద్య ఎండలేదు. కంబదూరు మండలమునందలి రాళ్ళపల్లి గ్రామమున 1893 జనవరి 23వ తేదీన శ్రీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు జన్మించిరి. తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. తండ్రి వలన భాషయు, తల్లి వలన పాటయు శర్మగారికి అబ్బినవి. మొదటి పాఠశాల ఇల్లే. మొదటి గురువులు తల్లిదండ్రులే. గృహస్థులు గమనింపదగిన విషయమిది.

అటుపిమ్మట వారు మైసూరు చేరి, పరకాలమఠాధిపతులైన శ్రీ కృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామివారి సన్నిధిని సంస్కృతమును అభ్యసించిరి. బిడారం కృష్ణప్పగారి వద్ద సంగీతమును నేర్చిరి. కట్టమంచి రామలింగారెడ్డిగారు వారి ప్రతిభను గుర్తించి, 1912లో మైసూరు మహారాజా కళాశాలయందు తెలుగు పండితులుగా చేర్చిరి. అప్పటికి శర్మగారికి ఇరువదియేండ్లు నిండలేదు. ఆ కొలువునందు వారు 38 సంవత్సరములు పాఠము చెప్పిరి. కన్నడ దేశము నడుమ తెలుగు దీపమును ఆరనీయక కాపాడిరి. పదవికొరకు పరుగిడలేదు. చెప్పుచున్న పాఠమునే తపస్సుగా భావించిరి.

ఆచార్యుడు సంఘమును ఎట్లు మార్చునో తెలిసికొనుటకు వారి జీవితమునుండి రెండు నిదర్శనములు చాలును.

మొదటిది వేమన విషయము. వేమన పద్యములు రైతుల నోటను, పశువులకాపరుల నోటను ఉన్నను, పండితసభలలో వానికి పీటవేసినవారు తక్కువ. పైగా వేమన ఆచారాడంబరమును నిర్దాక్షిణ్యముగా విమర్శించినవాడు. శర్మగారు సంప్రదాయ వైష్ణవకుటుంబమున పుట్టి, మఠమున చదివినవారు. అట్టివారు 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చిరి. వేమన వాక్కును సానుభూతితోను, నిష్పక్షపాతముగాను పరిశీలించి, పామరుల కవిని పండితుల యెదుట నిలిపిరి. తన ఆచారమును విడువకయే తన్ను విమర్శించు వానియందలి సత్యమును గ్రహించుట సామాన్యమా? సంఘమునందలి ఎడబాటును తగ్గించు మార్గమిదియే. కేక వేయుటచే అది తగ్గదు. నిదానముగా చదివి, నిజాయితీగా చెప్పుటచే తగ్గును.

రెండవది తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనల విషయము. అన్నమయ్య 1408 మొదలు 1503 వరకు జీవించిన మహాభాగవతుడు. ఆయన వేలకొలది సంకీర్తనలను రచింపగా, అవి రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండారమున నిలిచిపోయినవి. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలుగునకు వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు వాని పరిష్కరణమున శ్రమించిరి. అయినను ఒక పెద్ద లోటుండెను. రేకులపై రాగము పేరు కలదు గాని స్వరము లేదు. పాట మాటగా మిగిలెనే గాని పాటగా లేదు. మైసూరు కొలువు ముగించిన శర్మగారు 1950 ప్రాంతమున తిరుపతి చేరి, దేవస్థానమువారి ప్రాచ్యపరిశోధనాలయమున ఈ కార్యమును చేపట్టిరి. భాషయు సంగీతమును రెండును ఎరిగిన వారగుటచే పాఠమును సవరించుటేగాక, నూరింటికి పైగా సంకీర్తనలకు స్వరము కూర్చి ప్రకటించిరి. విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున వారు తలకెత్తుకొన్న భారమిది.

నేడు మన ఇండ్లలో శనివారమునాడు పిల్లలు అన్నమయ్య పాటను పాడుచున్నారు. కొండ మెట్లు ఎక్కువారు ఆ పాటతో అలసట మరచుచున్నారు. ఆ పాట మన నోటికి వచ్చుటకు వెనుక ఎందరి కన్నులు రేకులపై అరిగినవో తలచువారెందరు? ఎండిన సీమలో చెరువు త్రవ్వించినవానిని తరతరములు తలచుదురు. మూతపడిన ఊటను తెరపించినవానిని అంతకంటె ఎక్కువగా తలపవలదా?

సత్కారము వారికి లభింపకపోలేదు. 1974లో మదరాసు సంగీత అకాడమీ వారు సంగీతకళానిధి బిరుదమునిచ్చిరి. 1979 మార్చి 11వ తేదీన తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆస్థాన విద్వాంసులుగా సత్కరించిరి. ఆ దినముననే శర్మగారు పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 86 ఏండ్లు. స్వామి తన సేవకుని సత్కరించి వెంటనే తన చెంతకు పిలిపించుకొనెనని భక్తులు భావింపవచ్చును. అది సత్యమే. కాని ఆ దినము మనకొక హెచ్చరికయు అయియున్నది. ఒక్కదినము ఆలస్యమైనచో ఆ శాలువ ఎవరి భుజముపై పడియుండెడిది?

శర్మగారు పనిచేసిన ఆ మైసూరు కళాశాలలోనే డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణగారు 1918 మొదలు 1921 వరకు బోధించిరి. వారు కలకత్తాకు తరలునాడు విద్యార్థులు పూలబండిపై కూర్చుండబెట్టి, తామే రైలుస్టేషనువరకు లాగిరి. వారి పుట్టినదినమైన సెప్టెంబరు 5ను 1962 మొదలుకొని ఉపాధ్యాయదినముగా జరుపుకొనుచున్నాము. మంచిదే. అయితే ఆ విద్యార్థులు పంచాంగమునందలి ఒక దినముకొరకు వేచియుండలేదు. గురువు కనులయెదుట ఉన్నప్పుడే బండి లాగిరి.

ఇది వ్రాయుటకు నాకు గల అర్హత నా తప్పిదమే. నాకు శబ్దములు, ధాతువులు నేర్పిన గురువుగారు, కరవు సంవత్సరములలో జొన్నసంకటి తిని, మండపమున కూర్చుండి, మాకు పాఠము చెప్పెడివారు. దక్షిణ అడుగలేదు. ఒక్కమారు వచ్చి నేర్చినది అప్పగింపుమని మాత్రము అనిరి. ఉద్యోగము స్థిరపడిన పిమ్మట మంచి వస్త్రముతో వెళ్ళవలెనని నేను ఏడాది కేడాది వాయిదా వేసితిని. తుదకు వస్త్రము కొని వెళ్ళితిని. అది గురువుగారి పదునొకండవ దినము. ఆ వస్త్రము నేటికిని నా పెట్టెలోనే ఉన్నది.

కావున పాఠకమహాశయులకు మూడు మనవులు. మీకు అక్షరము దిద్దించిన గురువు జీవించియున్నచో, ఈ మాసముననే పిల్లలతో వెళ్ళి నమస్కరింపుడు. వారు పరమపదించియున్నచో, వారు నేర్పిన ఒక శ్లోకమునో, ఒక కీర్తననో ఇంటిలోని బాలునకు నేర్పుడు. వారి ఋణము తీరుటకు ఇంతకంటె మార్గము లేదు. మీ గ్రామమున పాఠశాల నడపు ఉపాధ్యాయునికి పేరును, గౌరవమును ఇండు. బిడ్డల యెదుట ఆయనను తేలికగా మాటాడకుడు. గురువును చులకన చేయు ఇంటిలో విద్య నిలువదు.

సత్కారము వలన గురువునకు కలుగు లాభము స్వల్పము. వంగిన శిరస్సునకే లాభమధికము. వాన కురియని సీమలో కూడ విద్యాధారను కురిపించిన శర్మగారి వంటి వారిని తలచుకొనుచు, మన మన ఆచార్యులను వేళ మించకముందే సేవించు బుద్ధిని శ్రీనివాసుడు మనకు ప్రసాదించుగాక!